వి.వి. గిరి: డబ్లిన్ నుంచి బెంగళూరు మీదుగా

వరాహగిరి వెంకట గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఆ ఊరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఇప్పుడు ఒడిశాలో ఉంది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. కొడుకు కూడా న్యాయశాస్త్రం చదవడానికి 1913లో డబ్లిన్ చేరారు.

ఆ ఏడాదే అక్కడ యూనియన్‌లో చేరిన కార్మికులను యజమానులు పనుల్లోకి రానివ్వలేదు. నెలల తరబడి వేల కుటుంబాలు పస్తులున్నాయి. వారి నాయకుల్లో ఒకరైన జేమ్స్ కానలీ ఐరిష్ లేబర్ పార్టీ స్థాపకుల్లోనూ ఒకరు. 1916 ఈస్టర్ తిరుగుబాటులో గాయపడి లేచి నిలబడలేని స్థితిలో ఉన్న ఆయన్ను బ్రిటిష్ సైనికులు కుర్చీకి కట్టి కాల్చి చంపారు. అదే ఏడాది గిరి ఐర్లండ్ వదలాల్సి వచ్చింది.

తిరిగొచ్చాక ఆయన వకాలతుకే పరిమితం కాలేదు. బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులకు సంఘం కట్టారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉద్యోగాల కోత మొదలైనప్పుడు సమ్మె నడిపించారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఏఐటీయూసీ) అధ్యక్షుడయ్యారు. 1937 ఎన్నికల్లో సాక్షాత్తూ బొబ్బిలి రాజానే ఓడించి, మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చేపట్టారు.

స్వాతంత్ర్యం వచ్చాక కేంద్రంలోనూ అదే శాఖ. కార్మికులూ యాజమాన్యమూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, ప్రతిదానికీ ట్రిబ్యునల్ గడప తొక్కకూడదన్నది గిరి మతం. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేస్తే, మంత్రి పదవి వదులుకున్నారు. ఆయన జీవితంలో అన్నిటికన్నా గౌరవించదగ్గ పని ఇదే.

ఉత్తరప్రదేశ్, కేరళల తర్వాత 1965లో మైసూరు రాష్ట్ర గవర్నరుగా బెంగళూరు రాజభవన్‌కు వచ్చారు. అప్పుడు ముఖ్యమంత్రి నిజలింగప్ప. 1967లో గిరి ఉపరాష్ట్రపతిగా ఢిల్లీ వెళ్లారు. కొన్నాళ్లకు నిజలింగప్ప కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు.

1969 జులైలో కాంగ్రెస్ పెద్దలు బెంగళూరులోనే సమావేశమయ్యారు. ఇందిరాగాంధీ మాట కాదని నీలం సంజీవరెడ్డిని రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబెట్టారు. అప్పటికి ఉపరాష్ట్రపతి హోదాలో తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరి స్వతంత్రుడిగా బరిలోకి దిగారు. బ్యాంకు ఉద్యోగుల కోసం ఒకప్పుడు పదవి వదిలిన మనిషి, జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేసి మర్నాడు రాజీనామా ఇచ్చారు. ఇద్దరు తెలుగువాళ్ల మధ్య సాగిన ఆ పోటీలో మొదటి లెక్కింపులో ఎవరికీ కావలసిన ఓట్లు రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. ఆ ఏడాది చివరికి కాంగ్రెస్ రెండుగా చీలింది.

కానలీలా గిరి సొంత పార్టీ కట్టలేదు. ఆ దారిన వెళ్లింది జార్జి ఫెర్నాండెజ్. పాదిరీ కావాలని కుర్రతనంలో బెంగళూరు సెమినరీలో చేరి, మధ్యలోనే బయటికొచ్చి, ముంబైలో కార్మిక నాయకుడై, 1994లో సమతా పార్టీ పెట్టారు. 1974 మేలో ఆయన నాయకత్వంలో దేశమంతటా రైళ్లు ఆగినప్పుడు రాష్ట్రపతి పీఠం మీద ఉన్నది పాత రైల్వే యూనియన్ నాయకుడు గిరే. వేలాదిమంది కార్మికులను జైళ్లలో పెట్టి ప్రభుత్వం ఆ సమ్మెను అణచివేసింది. 1954లో మంత్రిగా చూపిన తెగువ ఆయన ఆ మే నెలలో చూపలేదు. ఆగస్టులో పదవీకాలం ముగిసింది. మరుసటి ఏడాది భారతరత్న వచ్చింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.