దిగువనున్న పొరుగువాడు



నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు యేసు ప్రభువును అడిగిన సంగతి ఆదివారపు బడి పిల్లలు కూడా చెబుతారు. యెహెజ్కేలు 34వ అధ్యాయం 18వ వచనం మాత్రం అంతగా ప్రసంగాలకు రాదు. అక్కడ దేవుడు బలిసిన గొర్రెలను నిలదీస్తున్నాడు. అవి తేటనీళ్లు తాగేసి, వెనక వచ్చే గొర్రెలకు బురదనీళ్లు మిగిల్చాయి. పై నీళ్ల దగ్గర ఉన్నవాడికి దిగువనున్నవాడే పొరుగువాడని ఈ వాక్యం మాకు గెడ్డ ఒడ్డున అర్థమయింది.

మా సంఘం పెందుర్తి వైపు ఒక పల్లెలో ఉంది. మా ఊరి కాలువలు మేఘాద్రిగెడ్డలో కలుస్తాయి. గెడ్డ నీరు రిజర్వాయరులో ఆగి విశాఖ కుళాయిల్లోకి వెళుతుంది. మిగులు నీరు, దారిలో కలిసే మురుగు పోర్టు లోపలి హార్బరుకు చేరతాయి. 1933లో ప్రారంభమైన ఆ హార్బరు అంతకుముందు ఆటుపోట్లకు నిండే ఉప్పుటేటి బురదనేల. అక్కడి నీరు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న సన్నని దారిలో సముద్రానికి వెళుతుంది. ఆ దారికి ఉత్తరాన ఫిషింగ్ హార్బర్. మా సహోదరీలు కొందరు తెల్లవారుజామున ఆటో కట్టించుకుని అక్కడికే వెళతారు. కవళ్లు, కానాగంతలు, రొయ్యలు తెచ్చి పల్లెల్లో అమ్ముకుంటారు. మనం ఇక్కడ వదిలిన నీరు వాళ్ల గంపల దగ్గరికి చేరుతోందని చెప్పినప్పుడు మందిరమంతా నిశ్శబ్దమైపోయింది.

అప్పటినుంచి నెలకొకసారి, శనివారం ఉదయం, మా యవనస్థులు నీళ్లు పరీక్షిస్తున్నారు. కల్వర్టుకు పైన ఒకచోట, కింద ఒకచోట. చేపలకు వెళ్లే ఆటోలో ఇద్దరు ఎక్కి ఫిషింగ్ హార్బర్ జెట్టీ దగ్గర మూడో సీసా పడతారు. జంతుశాస్త్రం చెప్పే ఒక కాలేజీ మాస్టారు పద్ధతి నేర్పారు. గాలిబుడగ లేకుండా సీసా నింపాలి. మాంగనీస్ సల్ఫేటు, క్షారం కలిపిన అయోడైడు ద్రావణం కొద్దికొద్దిగా వేయాలి. నీటిలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. చేతికి తొడుగు వేసుకోవాలి, పరీక్ష చేసిన నీళ్లు తిరిగి గెడ్డలో పోయకూడదు.

వేళ కూడా ముఖ్యం. పచ్చగా నాచు పట్టిన నీరు ఎండవేళ ఆక్సిజన్ విడుస్తుంది, రాత్రంతా దాన్ని తానే వాడుకుంటుంది. మధ్యాహ్నం బాగున్నట్టు కనిపించిన నీటిలోనే తెల్లవారుజామున చేపలు మూతులు పైకెత్తి ఊపిరికి కొట్టుకుంటాయి. హార్బరులో పోటు వేళ సముద్రపు నీరు లోపలికి వస్తుంది, పాటు వేళ లోపలి మురికి బయటికి కదులుతుంది. అందుకే మేము పట్టిన వేళ, పోటో పాటో తప్పకుండా రాసుకుంటాము. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణాల ప్రకారం హార్బరు నీటిలో కూడా లీటరుకు కనీసం 3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. స్నానానికి తగిన సముద్రపు నీటికి ఆ కొలత 4.

హార్బరు సీసాలో తెల్లని మడ్డి దిగిన ఒక ఉదయం ఒక చెల్లెమ్మ, "తెల్లగా ఉంది కదా అయ్యగారూ, మంచిదే కదా?" అని అడిగింది. మన పాటల్లో, మన ప్రసంగాల్లో తెలుపంటే కడగబడిన హృదయం. ఆ సీసాలో తెలుపంటే ఊపిరి లేదని అర్థం. సున్నం కొట్టిన సమాధుల గురించి ప్రభువు పలికిన మాట ఆమెకు చెప్పాము. తెల్లనిదంతా పరిశుద్ధం కాదు.

ఫిషింగ్ హార్బర్ నీటి కష్టం ఒక్క గెడ్డతో వచ్చింది కాదు. నగరపు మురుగు, చేపల వ్యర్థం, బోట్ల అడుగున చేరే నూనెనీళ్లు, అన్నీ అందులో ఉన్నాయి. బోట్లకు అలల దెబ్బ తగలకుండా కట్టిన గోడలే మురికిని త్వరగా బయటికి పోనివ్వవు. 1970లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్తలు పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ విశాఖ హార్బరు కాలుష్యాన్ని పరిశీలించారు. వారు చూసిన జీవుల్లో కాపిటెల్లా కాపిటేటా అనే చిన్న పురుగు ఒకటి. మిగతా జీవులు బతకలేని కుళ్లు బురదలో అది గుంపులుగా పెరుగుతుంది. బురదే సాక్ష్యం చెబుతుందన్నమాట. 2023 నవంబరు 19 రాత్రి ఇదే హార్బరులో పదుల బోట్లు కాలిపోతుంటే ఊరంతా పరుగెత్తింది. నీరు చచ్చిపోయేటప్పుడు మంట లేవదు. అందుకే ఎవరో ఒకరు కనిపెట్టి చూస్తూ ఉండాలి.

వేట నిషేధ కాలంలో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, బోట్లకు మరమ్మతులు జరుగుతాయి. అప్పుడు జెట్టీ దగ్గర ఒక సరంగు, మన విశ్వాసే, వాడిన ఇంజనాయిలు డబ్బాతో కనిపించాడు. "అందరూ పోత్తన్నారు. నా ఒక్క డబ్బాకే సముద్రం సెడిపోద్దేటి అయ్యగారూ?" అన్నాడు. మా ఊరిలో కోడిమాంసం అమ్మే సహోదరుడు కూడా ఇంచుమించు ఇదే అన్నాడు. అతని దుకాణం వ్యర్థమంతా కల్వర్టు కింద పడేది. మందిరానికి మొదటినుంచీ చేయూతనిచ్చిన కుటుంబం అది. పుల్పిట్ మీదనుంచి అతని పేరెత్తలేదు. మత్తయి 18లో ప్రభువు నేర్పినట్టు ఒంటరిగా వెళ్లి, కల్వర్టు పైన పట్టిన సీసా, కింద పట్టిన సీసా అతని బల్లమీద పెట్టాము. ఒకటి గోధుమరంగు, ఒకటి దాదాపు తెలుపు. "పై ఊరివాళ్లు వేయడం లేదా?" అని కోప్పడ్డాడు. కొన్ని ఆదివారాలు ఆరాధనకు రాలేదు. కానుక తగ్గిందని సంఘపెద్దలు బాధపడ్డారు. "పాస్టరుగారికి ఆత్మల సంగతి చాలదా, నీళ్ల సంగతెందుకు?" అన్నవారూ ఉన్నారు.

యెరికో మనుష్యులు ఎలీషాను అడిగింది నీళ్ల సంగతే. పట్టణం బాగుంది గాని నీళ్లు మంచివి కావన్నారు. ప్రవక్త అది తన పని కాదనలేదు. కొత్త పాత్ర తెమ్మని, నీటి ఊట దగ్గరికే నడిచి వెళ్లాడు (2 రాజులు 2). బాగుచేసినవాడు దేవుడు, నడిచి వెళ్లినది మనిషి.

ఆ సహోదరుడు తిరిగి వచ్చాడు. ఇప్పుడు తన పొలం గట్టున గొయ్యి తీయించి వ్యర్థాన్ని పూడ్చిపెడుతున్నాడు. కల్వర్టు కింద సీసా రంగు నెమ్మదిగా మారుతోంది. ఫిషింగ్ హార్బర్ సీసా మారలేదు, అది మా ఒక్క ఊరితో మారేది కాదు. ఆ సరంగు మాత్రం నూనె డబ్బా పాత ఇంజనాయిలు కొనేవాడికి ఇస్తున్నానని మొన్న చెప్పాడు.

ప్రియులారా, మీ ఊరిలోనూ గెడ్డ ఉంటుంది, చెరువు ఉంటుంది. ఒకేచోట, ఒకే వేళకు వెళ్లి చూడండి. రంగు, వాసన, చచ్చిన చేపలు ఉంటే తేదీతో రాయండి. తొలకరి వానకు మరీ జాగ్రత్త, వేసవి మురికంతా ఒక్కసారే దిగుతుంది. మీ చేతిలో పనైతే మీరే ఆపండి. కాకపోతే ఆ పుస్తకం పట్టుకుని సచివాలయానికి, కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయానికి వెళ్లండి. నీటి కాలుష్యాన్ని ఆపే చట్టం మన దేశంలో 1974 నుంచే ఉంది. నోటిమాట కన్నా తేదీ వేసిన పుస్తకానికి బలమెక్కువ.

యెహెజ్కేలు 47లో మందిరం నుంచి బయలుదేరిన నీరు సముద్రాన్ని బాగుచేస్తుంది, దాని ఒడ్డున జాలరులు వలలు ఆరవేసుకుంటారు. మన మందిరాల ముందునుంచి పోయే నీరు జాలరి దగ్గరికి ఎలా చేరుతోందో చూసుకునే మనసు ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమేన్.