కాన్పు గదిలో నర్సు ఎదుగుదల

తెలంగాణలోని ఓ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో లేబర్ రూమ్‌ను ఆనుకొని మిడ్‌వైఫరీ విభాగం ఉంది. అక్కడ పనిచేసేవారంతా స్టాఫ్ నర్సులుగా మొదలైనవారే. జీఎన్‌ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ చదివి, వార్డుల్లో డ్యూటీలు చేసి, ఆపైన 18 నెలల ప్రత్యేక శిక్షణ పొందారు. రాష్ట్ర ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి 2017లో కరీంనగర్‌లో ఈ శిక్షణకు శ్రీకారం చుట్టింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు తెచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే; దేశ సగటు 21.5. సహజ కాన్పులకు తోడ్పడే ఇలాంటి నర్సుల అవసరం ఎంత ఉందో ఆ అంకెలే చెబుతాయి.

నేను అక్కడికి వెళ్లిన రోజు ఉదయం కాన్పు గదిలో ఒక తక్కువ ఎత్తు మంచం, గోడకు బిగించిన కడ్డీ, పెద్ద రబ్బరు బంతి కనిపించాయి. నొప్పులు పడే తల్లి వెల్లకిలా పడుకొనే ఉండనక్కర్లేదు. నడవొచ్చు, కడ్డీ పట్టుకొని నిలబడొచ్చు, బంతి మీద కూర్చొని నడుము కదపొచ్చు. "ఇప్పుడే ముక్కకు బిడ్డా, ఊపిరి మెల్లగ ఇడువు" అని తెర వెనక నుంచి మిడ్‌వైఫ్ గొంతు. ఆమె ముందు పార్టోగ్రాఫ్ కాగితం. గర్భాశయ ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది, పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వచ్చాయి, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోంది, అన్నీ అందులోనే నమోదవుతాయి. గుండె వేగం నిమిషానికి 110 కన్నా తగ్గినా, 160 దాటినా, కాన్పు సాగాల్సిన తీరులో సాగకపోయినా వెంటనే డాక్టరుకు కబురు వెళ్లాలి. ఓపిగ్గా ఎంతసేపు ఆగవచ్చో, ఏ క్షణంలో పిలవాలో తేల్చుకోవడమే ఈ ఉద్యోగానికి ఆయువుపట్టు. సూది మందు ఇవ్వడం కన్నా ఇది చాలా పెద్ద బాధ్యత.

మామూలు దారిలో స్టాఫ్ నర్సు హెడ్ నర్సవుతుంది, తర్వాత నర్సింగ్ సూపరింటెండెంట్. చేతికి ఇండెంట్లు, డ్యూటీ చార్టులు వస్తాయి. ఎమ్మెస్సీ చేసినవారిలో చాలామంది కాలేజీల్లో బోధనకు వెళతారు. రెండూ గౌరవమైన పనులే. కానీ పై మెట్టు ఎక్కినకొద్దీ అనుభవమున్న చేయి రోగికి దూరం కావడం ఈ వృత్తిని పట్టిన పాత లోపం. మిడ్‌వైఫరీ దాన్ని సరిచేస్తుంది.

నర్సును రోగి పక్కనే ఉంచే దారులు మరికొన్ని ఉన్నాయి. క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు రెండేళ్ల పీజీ. చదువులో ఎక్కువ భాగం ఐసీయూలోనే గడుస్తుంది. నవజాత శిశువుల సంరక్షణ, మానసిక ఆరోగ్యం, క్యాన్సర్ వంటి విభాగాల్లో పోస్ట్ బేసిక్ డిప్లొమాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని హెల్త్ క్లినిక్‌లలో బీఎస్సీ నర్సులు మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా (ఎంఎల్‌హెచ్‌పీ) బీపీ, షుగరు చూస్తారు, మందులిస్తారు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపుతారు. సైన్యంలోని మిలిటరీ నర్సింగ్ సర్వీసులో చేరినవారు అధికారి హోదాతో పనిచేస్తారు. విదేశాలకైతే బ్రిటన్‌కు సీబీటీ, ఆస్కీ, అమెరికాకు ఎన్‌క్లెక్స్ పరీక్షలు పాసవ్వాలి. జర్మనీకి ఆ దేశ భాష నేర్చుకోవాలి. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇందుకు శిక్షణ ఇప్పిస్తోంది.

మిడ్‌వైఫరీ దారి నిలవాలంటే మాత్రం దానికంటూ పోస్టులుండాలి. 18 నెలలు నేర్చుకొని వచ్చిన నర్సును మళ్లీ జనరల్ వార్డు డ్యూటీకి వేస్తే ఆ విద్య అక్కరకు రాదు. జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 2023లో వచ్చింది; దాని పేరులోనే ఈ రెండూ పక్కపక్కన ఉన్నాయి. జిల్లా ఆసుపత్రుల పోస్టుల జాబితాల్లోనూ మిడ్‌వైఫ్‌కు వేరే వరుస రావాలి.