పొందూరు నూలు, విజయనగరపు కుట్టు

వివాహమనగానే వధువు చీరలను గూర్చి ఇంటిల్లిపాదియు నెలల తరబడి మంతనములాడుదురు. వరుని దుస్తులను గూర్చి తలంచువారు అరుదు. అతడు కడపటి వారమున బజారునకు పోయి, అంగడిలో వ్రేలాడుచున్నదేదో తెచ్చుకొనును. తీరా విందునాడు, దీపకాంతిలో, నలుగురి యెదుట, భుజములు జారిన కోటుతో నిలుచుండును. ఆ తెచ్చుకోలు కోటు ఛాయాపటములలో చిరకాలము నిలిచియుండును. ఈ విషయమున స్త్రీలు శ్రద్ధ వహింపవలెనని మా యభిప్రాయము. మా మరిది పెండ్లికై మేము పొందూరునకును, అటనుండి విజయనగరమునకును చేసిన ప్రయాణమును అందులకే సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఇంటిలో అభిప్రాయభేదము లేకపోలేదు. హైదరాబాదున ఉద్యోగము చేయు మా మరిది, సాయంకాలపు విందునకు పాశ్చాత్యులు ధరించు నల్లని డిన్నరు కోటును, దానితో కట్టు సీతాకోకచిలుక వంటి టైని కోరెను. ఉపాధ్యాయులైన మావారు "పంచెయు నుత్తరీయమును చాలవా?" అనిరి. పెండ్లి వైశాఖమాసమున, మాది ఉక్కపోతకు పేరుగన్న తీరదేశము. మా అత్తగారు కన్నుమూయుచు కడగొట్టు కుమారుని పెండ్లి ముచ్చట మా చేతిలో పెట్టిపోయిరి. అన్నదమ్ములలో ఎవరి మనస్సును నొవ్వకుండ ఈ చిక్కు విప్పుట మా వంతైనది.

శ్రీకాకుళము రోడ్డు స్టేషను ఆమదాలవలసయందున్నది. అచ్చట పాసెంజరు రైలెక్కి, నాగావళి దాటి, పొందూరున దిగితిమి. ఊరు చిన్నది, కీర్తి పెద్దది. గాంధీమహాత్ముడు ఇచ్చటి సన్నఖద్దరును గూర్చి విని, తన కుమారుడు దేవదాసుగాంధీని పంపి పరిశీలింపజేసినట్లు ప్రసిద్ధి. 1949లో ఏర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఈ పనివారికి ఆధారము. నటులు అక్కినేని నాగేశ్వరరావుగారికి ఈ పంచెలపై గల మక్కువ ఎల్లరెరిగినదే.

ఇచ్చట వాడునది ఈ ప్రాంతపు కొండపత్తి. గింజతో గూడిన పత్తిని ముందుగా వాలుగచేప దవడయెముకతో దువ్వుదురు. ఆ దవడయందలి సన్నని పండ్లు దువ్వెనవలె మలినమును తొలగించి పోగులను చక్కజేయును. పిదప గింజ తీసి, వింటితో ఏకి, ఏకులు చుట్టి, వానిని ఎండిన అరటిదొప్పలో భద్రపరచి రాట్నముపై వడుకుదురు. నూరవ నంబరు నూలనగా నేమని మేమడుగగా మావారు లెక్క చెప్పిరి. 840 గజముల చిలపలు ఎన్ని కలిసి ఒక పౌను తూగునో అదియే నూలు నంబరు. కావున నూరవ నంబరు నూలు పౌనునకు 84,000 గజములు, అనగా సుమారు 77 కిలోమీటర్లు. ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరమున దిగువరకు మేము చేసిన ప్రయాణముకంటె ఆ పౌను దారమే పొడవు!

ఒక యింటి యరుగుపై వృద్ధురాలొకతె వడుకుచుండెను. దారము మా కన్నులకు కనబడలేదు; ఆమె వ్రేళ్ల కదలికను బట్టి ఉన్నదని తెలిసికొంటిమి. "కన్ను కనపడినన్నాళ్లే గదమ్మా ఈ నూలు. మా కోడలు నేర్చుకోనంది" అనెను. దినమంతయు వడికిన దానికి వచ్చు కూలి యెంతో విన్నపిమ్మట ఆ కోడలిని తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు.

సంఘమువారి విక్రయశాలలో పంచెలచాపును, చొక్కాగుడ్డను తీసికొంటిమి. "వదినా, కోటు కూడ దీనితోనే కుట్టించరాదా?" అని మా మరిది యడిగెను. ఆ బట్ట చేతబట్టి చూచినవాని కోరిక కొంత మారినదని మేము లోలోన సంతోషించితిమి. కాని సన్నబట్ట కోటునకు తగదు. ఆకృతి నిలువదు, కూర్చుండి లేచుసరికి ముడతలు పడును. అది మేనికి తగులు చొక్కాగా నుండి చెమటను పీల్చుకొనవలెను. పైకోటు వేరు బట్టతో కుట్టింపవలెను.

మరల రైలెక్కి విజయనగరము చేరితిమి. 1713లో విజయరామరాజుగారు కట్టించిన కోట నేటికిని ఊరికి నడుమ నిలిచియున్నది. సభకు తగిన వేషమనునది ఈ ఊరికి క్రొత్త గాదు. 1919లో ఇచ్చట వెలసిన సంగీత పాఠశాలకు మొదటి యధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథకు కాలిగజ్జెలతో నిలిచిరి. ఈ రాజవంశపు విజయానంద గజపతిరాజుగారు 1936లో ఇంగ్లండునకు వెళ్లిన భారత క్రికెట్టు జట్టునకు నాయకులైరి. గురజాడవారి కన్యాశుల్కము మొదట ప్రదర్శింపబడినదియు 1892లో ఈ ఊరనే. అరువు మెరుగుల గిరీశమును చూచి నవ్వుకొన్న ఊరిలో డిన్నరు కోటు కుట్టింపబోవుటకు మావారు ముసిముసినవ్వులు నవ్విరి.

అయినను ఆ కోటును పరిహసింపనేల? దానికిని ఒక శాస్త్రము కలదు. 1865లో వేల్సు యువరాజునకై లండనునందలి హెన్రీ పూల్ దర్జీలు కుట్టిన పొట్టికోటే దీనికి మూలమని వారు చెప్పుదురు. రొమ్ముపై మడతపడు భాగమునకు పట్టు తాపడము, ఒకటే బొత్తాము, పైమూత లేని జేబు, పంట్లాము ప్రక్కకుట్టుపై పట్టుపట్టీ, అడుగున మడత లేని అంచు, ఇవి దాని లక్షణములు. నలుపుకంటె అర్ధరాత్రి ఆకాశము వంటి ముదురు నీలము దీపకాంతిలో మరింత నల్లగా తోచునని విండ్సరు డ్యూకు కనిపెట్టి దానికి ప్రచారము తెచ్చెను.

మేము వెదకి పట్టుకొన్న దర్జీ వృద్ధుడు, మితభాషి. మా మువ్వురి వాదమును విని, "అమ్మా, మెడవరకు మూసిన కోటు కుట్టుదునా? బాబు కోరిన నీలమే, పెద్దబాబు కోరిన మన తీరే" అనెను. పల్చని ఉన్నిబట్టతో, వీపున సగమువరకే లైనింగుతో బంద్‌గలా కోటు కుట్టుటకు నిశ్చయమైనది. డిన్నరు కోటునుండి రంగును, మూత లేని జేబును, పంట్లాము అంచును గ్రహించితిమి.

కొలతలు తీయుటలో ఆ వృద్ధుని నేర్పు చూడదగినది. మా మరిదిని రొమ్ము విరుచుకొని నిలువనీయలేదు. మాటలలో పెట్టి, సహజముగా నిలిచినపుడు కొలిచెను. కుడిభుజము కొంచెము దిగియున్నదని గుర్తించి వ్రాసికొనెను. భుజపుకుట్టు భుజాస్థి చివరనే ముగియవలెను. చంకదిగుడు ఎక్కువైనచో చేయి యెత్తినపుడు కోటంతయు పైకి లేచును. మెడపట్టీలో రెండు వ్రేళ్లు దూరవలెను. దానిపైన చొక్కా తెలుపు దారపురేఖవలె కనబడవలెను. పంట్లాము పొడవును విందునాడు తొడుగు చెప్పులతోనే కొలువవలెను. చొక్కాగుడ్డను కత్తెర వేయకముందే నీటిలో తడిపి ఆరబెట్టవలెను. లేనిచో తొలి ఉతుకునకే కుదించుకొనిపోవును.

లోపలి కాన్వాసును గూర్చి మేమే యడిగితిమి. పూర్వమొక పెద్ద అంగడిలో మావారికి కుట్టించిన కోటు ఒక వానకాలము గడువకముందే రొమ్ముపై బుడగలు లేచినది. లోపలి గుడ్డను సూదితో గాక జిగురుతో నంటించుటయే దానికి కారణమట. ఈ దర్జీ రొమ్ముబట్టను రెండు వ్రేళ్లతో పట్టి చూపెను; నడుమ నింకొక పొర జారుచుండినచో అది చేతికుట్టు, లేనిచో జిగురు. బొత్తాముల కాజాలు చేతితో కుట్టుటకును, కుట్టుల లోపల అంగుళము బట్ట విడుచుటకును ఒప్పుకొనెను. పెండ్లియైన పిమ్మట వరులు లావగుట అతడెరుగును గదా!

రెండు పర్యాయములు పోయి పచ్చికుట్టుపై తొడిగి సరిచూపించితిమి. రెండవసారి సాయంకాలమున, దీపము వెలిగించిన పిదప చూచితిమి. సాయంకాలపు దుస్తును పగటివెలుగున పరీక్షించుట తగదు.

పెండ్లినాటి ఉదయము మా మరిది మధుపర్కములు విడిచిన పిదప పొందూరు పంచె కట్టి పంక్తిలో కూర్చుండెను. సాయంకాలము నీలపు కోటు తొడిగెను. మావారు తమ్ముని మెడపట్టీ తామే సరిచేసి, ఏమియు ననక వెడలిపోయిరి. వారి మౌనమునకు అర్థము మాకు తెలియును.

సోదరీమణులారా! మీ యింట పెండ్లి తలపెట్టినచో మూడు నెలల ముందే బట్ట తెచ్చి దర్జీకి ఇండు. ఏటేట పొందూరు పంచె నొకటి కొనుడు. వెల యెక్కువయని మగవారు గొణిగినచో, పౌను నూలు పొడవెంతయో లెక్క చెప్పుడు. ఆ వృద్ధురాలి కోడలు రాట్నము ముందు కూర్చుండవలెనన్నచో ఆమెకు చాలినంత కూలి గిట్టవలెను, అందులకు కొనువారుండవలెను.