మూసిన గదిలో జలాంతర్గామి

సముద్రానికి ఎంతో దూరాన ఉన్న మా మోత్కూర్‌లో నేనొక జలాంతర్గామిని తయారుచేశాను. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో సేవలందించి, ఇప్పుడు విశాఖ తీరాన ప్రదర్శనశాలగా నిలిచిన కుర్సురాకు అది నూరవవంతు నమూనా. అసలు నౌక పొడవు 91.3 మీటర్లు, వెడల్పు సుమారు 7.5 మీటర్లు. అందుకే 75 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టమే దానికి దేహమైంది.

చిన్న భాగాలు ఎగిరిపోతాయని కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, వారంపాటు ఉప్పు కాగితంతో రుద్దాను. మాస్కు పెట్టుకోలేదు. పొడిదగ్గు, కళ్ళమంట పట్టుకున్నాయి. దుమ్ము విషయంలో జీవితమంతా రోగులను మందలించిన వైద్యుణ్ణి నేనే!

డీజిల్ ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకోవాలంటే కుర్సురా అంతటిది కూడా నీటిపైకి వచ్చో, గాలిగొట్టాన్ని పైకి చాచో ఊపిరి తీసుకోక తప్పేది కాదు. నేను ఆ పాటి జాగ్రత్తయినా పడలేదు.

మీరు ఇటువంటి పనికి పూనుకుంటే కిటికీలు తెరవండి. గొట్టాన్ని తడిపి రుద్దండి, దుమ్ము లేవదు. ఎన్95 మాస్కు, రక్షణ కళ్ళద్దాలు ధరించండి. జిగురు ఆవిరిని పీల్చకండి. ఉబ్బసమున్నవారిని ఆ గదిలోకి రానీయకండి. దగ్గు రెండు వారాలు దాటితే దుమ్మువల్లనే అనుకొని ఊరుకోక, కఫ పరీక్ష చేయించుకోండి. నా దగ్గు పదో రోజున తగ్గింది. నమూనాకు రంగు మాత్రం వరండాలోనే వేశాను.