మెట్‌పల్లి అటకమీది ఆటపెట్టెలు

జగిత్యాలనుండి నిజామాబాదు వైపునకు పోవు 63వ నంబరు జాతీయ రహదారిమీద కోరుట్ల దాటిన పిమ్మట వచ్చు పెద్ద ఊరు మెట్‌పల్లి. పూర్వము కరీంనగరము జిల్లాలో నుండిన ఈ పట్టణము, 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన జగిత్యాల జిల్లా క్రొత్తగా నేర్పడినపుడు అందులో చేరినది. చుట్టుపట్ల వరిచేలు, మొక్కజొన్నచేలు, పసుపుతోటలు పచ్చగా కన్నులపండువు చేయుచుండును. పసుపు మార్కెట్టునకు వచ్చు దినములలో బండ్లు పోవు దారియంతయు దాని వాసనయే. ఈ యూరి ఖద్దరునకు తెలుగుదేశమున మంచి పేరున్నది. నేనును ఖద్దరు కొనవలెనను తలంపుతోనే అచ్చటికి పోయి, నాలుగు దినములు బంధువుల యింట నుంటిని.

మధ్యాహ్నపువేళ ఏ వీధికి పోయినను అరుగులమీద చాటలు ఒడిలో నుంచుకొని తునికాకు కత్తిరించుచు బీడీలు చుట్టు స్త్రీలు కనబడుదురు. వారి చేతులు క్షణమైనను ఆగవు, మాటలును ఆగవు. ఆ మాటలలో వేములవాడ, ధర్మపురి ఎంత తరచుగా వినబడునో, దుబాయి, మస్కటు, కువైటు అంత తరచుగానే వినబడును. ఇది వింత కాదు. 1973లో చమురు వెల పెరిగిన పిదప అరబ్బు దేశములలో పెద్దయెత్తున కట్టడములు సాగినవి. వానలు నమ్మరాని యీ ప్రాంతమునుండి వేలకొలది పురుషులు అచ్చటికి పనికి పోయిరి, నేటికిని పోవుచున్నారు. ఇల్లు, పొలము, పిల్లల చదువు, అత్తమామల మందులు, అప్పుల వాయిదాలు, ఇవన్నియు ఇంటనున్న స్త్రీల తలమీద పడినవి. బీడీల కూలి వారి చేతిఖర్చు కాదు; దూరదేశపు జీతము ఆలస్యమైన నెలలో అదియే సంసారమును నిలిపినది.

ఆ ప్రవాసులు రెండేండ్లకొక మారు సెలవుమీద వచ్చునపుడు కంబళ్లు, అత్తరు సీసాలు, టేపురికార్డర్లు తెచ్చుట వాడుకయయ్యెను. 1990 తరువాతి సంవత్సరములలో కొన్ని యిండ్లకు ఆ సామానుతోపాటు మరియొక వస్తువు వచ్చెను. అది టెలివిజనునకు తగిలించి ఆడుకొను ఆటపెట్టె. దానిలో దూర్చెడి ప్లాస్టిక్కు బిళ్లను ఆంగ్లేయులు కార్ట్రిడ్జి యందురు. మన యిండ్లలో ఆ మాట చెల్లలేదు. పాటల క్యాసెట్టునకు అలవాటుపడిన నోళ్లు దీనినిగూడ క్యాసెట్టనియే పిలిచినవి. నేడు లోకమున అనేకులు ఈ పాత క్యాసెట్లను వెదకి వెదకి కూడబెట్టుచున్నారు. అందుచేత దీని పుట్టుపూర్వోత్తరములు మనమును కొంత తెలిసికొనుట మంచిది.

మొదట వచ్చిన ఆటయంత్రములలో ఆట యంత్రముతోనే పుట్టెడిది. క్రొత్త ఆట కావలెనన్న క్రొత్త యంత్రము కొనవలసినదే. గ్రామఫోనునకు పళ్లెము మార్చినట్లు ఆటను మార్చుకొను వీలు 1976లో అమెరికాలో కలిగెను. ఫెయిర్‌చైల్డ్ కంపెనీవారు అమ్మిన ఛానల్ ఎఫ్ అను ఆ యంత్రమును సిద్ధపరచిన బృందమునకు జెర్రీ లాసన్ అను నల్లజాతి ఇంజనీరు నాయకుడు. మరుసటి సంవత్సరము అటారీ కంపెనీ యంత్రము వచ్చెను. 1983వ సంవత్సరము జూలైలో జపానుదేశపు నింటెండో కంపెనీ ఫామికామ్ అను పెట్టెను విడుదలచేసెను. ఈ కంపెనీ 1889లో క్యోటో నగరమున పేకముక్కలు చేయుటకై స్థాపింపబడినదన్న చాలమంది నమ్మరు. ఫామికామునకు అనుమతిలేని నకళ్లు తూర్పు ఆసియాలో లెక్కకు మిక్కిలిగా తయారై, గల్ఫు బజారులకును, మన దేశమునకును చేరినవి. మన దేశమున సమురాయి, లిటిల్ మాస్టర్ అను పేర్లతో అమ్మిన పెట్టెలు ఈ ఫామికాము కుటుంబమునకు చెందినవే.

ఇట్టి పెట్టె యొకటి మా బంధువుల పొరుగింట నాకంట బడెను. ఆ యింటివారు పాత పెంకుటిల్లు విప్పించి డాబా కట్టింపబోవుచు, అటకమీది సామానంతయు వాకిట దించిరి. ఇత్తడి గంగాళములు ఒక ప్రక్క, పాత ఇనుము, ప్లాస్టిక్కు మరియొక ప్రక్క. రెండవ కుప్ప పాతసామాను బండివానికి. ఆ కుప్పపైన వెలిసిన అట్టపెట్టెలో తెల్లని ఆటయంత్రము, రెండు చేతిపిడులు, పసుపుపచ్చని క్యాసెట్లు మూడు, నల్లనిది ఒకటి ఉన్నవి. కోడలు దానిని బండివానికే వేయుదమన్నది. అత్తగారు, అరువదియేండ్లు దాటిన మనిషి, చాటలోని బీడీలు కట్టలు కట్టుచు తలయెత్తి, "దాన్ని మాత్రం ముట్టకు" అన్నది.

కారణమేమని నేనడిగితిని. ఆమె చేతిపని ఆపకయే చెప్పినది. "మా ఆయన రెండేండ్లకొక్కసారి అస్తుండె బిడ్డా. నెల దినాలుండి మల్ల పోతుండె. చిన్నోడైతే తండ్రిని జూసి నా ఎనుక దాసుకుంటుండె. గీ పెట్టె తెచ్చిన యేడు, తండ్రీ కొడుకులు చెరొక పిడి పట్టుకోని కూసున్నరు. మాటలు ఎక్కువ లేవు. గని పక్కపక్కన కూసున్నరు. గప్పటిసంది వాడు దాసుకోలేదు."

ఆమె భర్త యిప్పుడు లేడు. ఆయన పరదేశమునుండి మాటలు నింపి, వచ్చువారిచేత పంపిన టేపు క్యాసెట్లు కొన్ని యుండెడివట. వానిలో కొన్నిటిమీద పిల్లలు పాటలు నింపుకొనిరి. తక్కినవానికి బూజుపట్టి రీళ్లు అంటుకొనిపోయినవి. ఆ నాడు తండ్రిని చూచి దాగిన చిన్నవాడే నేడు దుబాయిలో నున్నాడు. ఇంటిపని ఆరంభమగునపుడు ఫోనులో అతడు తల్లిని అడిగిన వస్తువు ఈ పెట్టె యొక్కటేయట. "ఇత్తడి గంగాళం అడగలే. గిదే అడిగిండు" అని ఆమె చిన్నగా నవ్వినది.

మాటల క్యాసెట్టు చెడి, ఆటల క్యాసెట్టు నిలిచుటకు శాస్త్రకారణము లేకపోలేదు. టేపు క్యాసెట్టులో సన్నని అయస్కాంతపు పట్టీ చుట్టబడియుండును. దానికి తేమ తగిలిన బూజు పట్టును. దానిమీద మరల నింపిన పాతది చెరిగిపోవును. ఆటల క్యాసెట్టులో తిరుగునది ఏదియు లేదు. చిన్న పలకమీద ఒక చిప్పు, దాని అంచున రాగిపట్టీలు, అంతే. ఆట ఆ చిప్పులో తయారగునపుడే ముద్రింపబడును కనుక ఇంట నెవరును చెరుపజాలరు. నకలు క్యాసెట్లలో చిప్పునకు మారుగా నల్లని లక్కముద్దవంటి బొట్టు కనబడును. దాని క్రిందనే చిప్పుండును. 1985లో వచ్చిన సూపర్ మారియో ఆటయంతయు 40 కిలోబైట్లలో ఇమిడినది. నేటి ఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రమునకే అంతకు ఎన్నోరెట్లు చోటు కావలయును. ఇక ఆ పసుపుపచ్చని క్యాసెట్లమీద అచ్చువేసిన "64 ఆటలు" అను మాటను నమ్మరాదు. ఇట్టివానిలో కొన్ని యాటలే రంగులు, పేర్లు మార్చుకొని మరల మరల వచ్చుట వాడుక.

ఇది మగపిల్లల వేడుకయే యని సోదరీమణులు తలంపవలదు. అటారీ యంత్రమునకు 1982లో వెలువడిన రివర్ రెయిడ్ అను ప్రసిద్ధమైన ఆటను కల్పించినది కారొల్ షా అను స్త్రీ. నదిమీద విమానము నడుపు ఆ ఆటనంతయు ఆమె 4 కిలోబైట్లలో ఇమిడ్చినది. చిన్న వంటయింటిలో పెద్ద సంసారమును నడపువారికి ఆ నేర్పు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఆమె తన ఆటలను, వ్రాతప్రతులను 2017లో న్యూయార్కు రాష్ట్రమున రోచెస్టరు పట్టణమందలి స్ట్రాంగ్ ఆటల మ్యూజియమునకు దానమిచ్చినది. తన చేతిపని చెత్తలో పోగూడదని ఆమెయే జాగ్రత్తపడినదన్నమాట.

చెత్తలో పోయినవియు గలవు. 1983లో అమ్ముడుపోని క్యాసెట్లను అటారీ కంపెనీ న్యూమెక్సికో రాష్ట్రమున అలమొగోర్డో అను ఊరి చెత్తగుంటలో పూడ్పించెను. 2014 ఏప్రిలులో ఆ గుంటను త్రవ్వించి వెలికితీసిన క్యాసెట్లను వేలము వేయగా లక్ష డాలర్లకు పైగా వచ్చినది. వానిలో నొకటి నేడు వాషింగ్‌టనులోని స్మిత్‌సోనియన్ వారి మ్యూజియములో నున్నది. 2021 జూలైలో సీలు విప్పని సూపర్ మారియో 64 క్యాసెట్టొకటి అమెరికా వేలములో 15,60,000 డాలర్లు పలికెను. నాడు పిల్లలు ఒకరికొకరు మార్చుకొని ఆడిన వస్తువును నేడు కొందరు సీలు సైతము విప్పక అద్దపు పెట్టెలో దాచుచున్నారు.

ఈ వెలలు విని మన అటకలమీద నిధులున్నవని భ్రమపడరాదు. మన యిండ్లకు వచ్చినవి చాలవరకు నకళ్లు. హైదరాబాదులో గురువారపు జుమేరాత్ బజారునందును, ఆదివారము ఎర్రగడ్డ సంతయందును పాతసామాను కుప్పలలో వెదకువారు ఇట్టివానికై లక్షలు పోయరు. పాత ఆటపెట్టెకు పెద్ద ధర ఇప్పింతునని ముందుగా సొమ్మడుగువాని మాట వినరాదు.

అట్లయిన వీనిని దాచుట యెందుకు? మెట్‌పల్లి వంటి ఊళ్ల గత యేబదియేండ్ల కథ పుస్తకములలో కొంచెమే వ్రాయబడినది. తండ్రి రెండేండ్లు దూరమున నుండి నెల దినములు ఇంటనుండిన బాల్యమెట్టిదో, తల్లి ఒంటరిగా ఇల్లు నడపిన కాలమెట్టిదో చెప్పు సాక్ష్యములు ఇట్టి వస్తువులే. అటకమీది దేది ఉండవలెనో, దేది బండికి పోవలెనో నిర్ణయించునది చాలవరకు గృహిణియే. కావున ఈ చరిత్రకు భాండాగారాధికారి ఆమెయే.

దాచదలచినవారికి కొన్ని సూచనలు. క్యాసెట్టు పనిచేయనిచో దాని మూతిలో ఊదుట పిల్లలకు అలవాటు. అది తగదు, నోటి తడి తగిలి రాగిపట్టీలకు తుప్పు పుట్టును. చెవిపుల్లకు చుట్టిన దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచి పట్టీలను మెల్లగా తుడిచి, బాగుగ ఆరిన పిదపనే పెట్టవలెను. విద్యుత్తు ఉండగా క్యాసెట్టు తీయుట, పెట్టుట కూడదు. అసలు అడాప్టరు పోయినచో చేతికందినది తగిలింపక, తెలిసిన మెకానిక్కునకు చూపవలెను. ఆటను మధ్యలో నిలిపి జ్ఞాపకముంచుకొను కొన్ని క్యాసెట్లలో చిన్న బిళ్లబ్యాటరీ యుండును. అది యేండ్లు గడచిన కొలది నీరసించి జ్ఞాపకము పోవును, కాని ఆట పోదు. తుపాకితో బాతులను కొట్టు ఆట నేటి పలుచని టెలివిజనుమీద ఆడదు. దానికి పాత పిక్చరుట్యూబు టీవీ యుండవలెను. ఎండ తగిలిన తెల్లని ప్లాస్టిక్కు పచ్చబారును. కలరా ఉండల ఆవిరి కొన్ని విధముల ప్లాస్టిక్కును మెత్తబరచును గనుక వానిని పెట్టెలో వేయరాదు. పొడి నూలుగుడ్డలో చుట్టి, నేలచెమ్మ తగులని చోట నుంచిన చాలును.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒక చీటీ. ఆ వస్తువును ఎవరు తెచ్చిరో, ఏ దేశమునుండి ఏ సంవత్సరమున తెచ్చిరో, ఇంటిలో ఎవరెవరు ఆడిరో నాలుగు పంక్తులు వ్రాసి పెట్టెలో నుంచవలెను. చిప్పులోని ఆట ఇంకను చాలకాలము నిలువవచ్చును. చిన్నవాడు దాగుట మానిన సంగతి మాత్రము ఏ చిప్పులోను లేదు. అది తల్లికి తెలియును. ఆమె చెప్పుచుండగానే వ్రాసికొనవలెను.