కారు అద్దెది, సొట్ట మనది

ఏవండీ, కుక్కరు దింపేశారుగా? అయితే ఆ స్టూలు ఇటు లాక్కుని కూర్చోండి. మీవాళ్లు సెల్ఫ్ డ్రైవ్ కారు మాట్లాడుకుని అరకు వెళ్తున్నారట! నాకెవరు చెప్పారంటారా? మీ అబ్బాయి మేడమీద ఫోన్లో మాట్లాడితే వీధి చివర ఇస్త్రీబండి దాకా వినబడుతుంది. ఆ గొంతు మీ మావగారిదే లెండి.

వెళ్లి రానివ్వండి, బావుంటుంది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఎక్కుతుంటే ఆ కాఫీ తోటలూ, ఆ చల్లగాలీ. కాకపోతే ఘాట్ రోడ్డు. మలుపు తిరగ్గానే ఎదురుగా బస్సు. పక్కకి తీస్తే కల్వర్టు గోడ. సొంత కారుకి గీత పడితే ఓ పూట తిట్టుకుని ఊరుకుంటామా, అదే అద్దె కారుకి పడితే చూడాలి మగాళ్ల పనితనం! ఒకాయన టూత్‌పేస్టు పెట్టి రుద్దుతాడు. ఇంకొకాయన కూతురి గోళ్లరంగు అడుగుతాడు. తెల్ల కారేగా, తెల్లరంగు ఉందా అని.

మా ఎదురు వరసలో చివరింటావిడ అల్లుడున్నాడు చూడండి, ఆ నెమ్మదైన కుర్రాడు, ఆయనా అంతే. వెనక డోరుకి అరచేయంత సొట్ట. కంపెనీకి ఫోన్ చేస్తే డిపాజిట్ కోసేస్తారని భయం. దారిలో ఎవరిదో షెడ్డులో టింకరింగు చేయించి, రంగు కొట్టించి, ఏమీ ఎరగనట్టు తెచ్చి అప్పజెప్పాడు. కారు తీసుకోడానికొచ్చిన కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. మాట్లాడలేదు. డోరు మీద అరచెయ్యి ఆనించి ఈ చివర్నించి ఆ చివరికి ఒక్కసారి రాశాడు. తర్వాత ఎండకి వంగి చూశాడు. కారుది ముత్యంలా మెరిసే తెలుపు, షెడ్డువాడు కొట్టింది మామూలు తెలుపు. అయిపోయింది. చెప్పకుండా బయట రిపేరు చేయించారు కాబట్టి మీ వాటా ఇంతవరకే అని మేం పెట్టిన పరిమితి మీకు వర్తించదు, డోరు ఖరీదంతా మీదే అన్నారు కంపెనీవాళ్లు. అగ్రిమెంటులో ఉందట. ఉంటుంది మరి, చదివిందెవరు?

అసలు సంగతేమిటంటే, వెంటనే చెప్పి ఉంటే ఇన్సూరెన్సు వాళ్ల సర్వేయరు సొట్ట చూసి లెక్క కట్టేవాడు. ఈయన వాటాకి వచ్చేది అగ్రిమెంటులో రాసుకున్నంతే. సొట్ట కనబడకుండా చేసేస్తే సర్వేయరు చూడ్డానికేముంది?

సొట్టలు పోనివ్వండి. ముందు మనుషుల సంగతి చూడాలి. ఇంజను ఆపి, నాలుగు ఇండికేటర్లూ వేసి, పిల్లల్ని రోడ్డు మీద కాకుండా కొండవైపు నిలబెట్టాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే 108. అది మన దగ్గర 2005 ఆగస్టు 15న మొదలైంది, మా పెద్దమ్మాయి ఇంజినీరింగులో చేరిన ఏడాది, అందుకే గుర్తు. జాతీయ రహదారి మీదైతే 1033, పోలీసులకి 112. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఈ నంబర్లూ, కంపెనీవాళ్ల నంబరూ, పాలసీ నంబరూ కాగితమ్మీద రాసి డ్యాష్‌బోర్డులో పడేయమనండి. సిగ్నల్ దొరికే ఊరి దాకా ఏ బస్సాయన చేతికో ఇచ్చి చెప్పించవచ్చు. డబ్బు కట్టందే ఆసుపత్రిలో చేర్చుకోరేమోనని జంకక్కర్లేదు. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లకి గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల పాటు, లక్షన్నర దాకా నగదు లేని వైద్యం అని కేంద్రం 2025 మేలో పథకం పెట్టింది.

చట్టం కూడా ఆ మాటే చెబుతోంది. 1988 మోటారు వాహనాల చట్టం, 134వ సెక్షను. దెబ్బ తగిలినవాళ్లకి వైద్యం అందేలా చూడాల్సిన బాధ్యత డ్రైవరుదే, జనం కోపంతో మీద పడి అడ్డం వస్తే తప్ప! నిజమండీ, మూక ఆగ్రహం అని చట్టంలోనే రాశారు. మనవాళ్ల సంగతి రాసినాయనకి ఎంత బాగా తెలుసో! అలా అక్కణ్నించి వెళ్లిపోవాల్సి వచ్చినా సరే, 24 గంటల్లోగా దగ్గరి స్టేషన్లో జరిగింది చెప్పాలి. ఇన్సూరెన్సు కంపెనీకీ రాసివ్వాలి.

జనం అంటే గుర్తొచ్చింది. నిర్మానుష్యంగా ఉన్న రోడ్డే కదా, గుద్దుకున్న రెండో నిమిషానికి పాతికమంది ఎక్కణ్నించి ఊడిపడతారో నాకర్థం కాదు. అందులో తువ్వాలు భుజానేసుకున్న పెద్దమనిషి ఒకరు తప్పకుండా ఉంటారు, ఆయన జరిగింది చూడలేదు కానీ తీర్పు ఆయనదే. పెద్ద బండిదే తప్పు. అందులోనూ నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు కనిపించాయంటే అద్దె కారని తెలిసిపోయింది, టూరిస్టులు, పైగా పట్నం వాళ్లు, రేటు పెరిగింది. ఐదువేలు ఇచ్చేసి పొమ్మంటారు. మీ అబ్బాయి మెత్తనివాడు, ఇచ్చేస్తాడు. ఇవ్వొద్దని చెప్పండి. అవతలివాళ్ల నష్టానికి ఇన్సూరెన్సు ప్రతి బండికీ ఉండి తీరాలి, చట్టం అది. అది పెట్టుకుని జేబులోంచి తీయడం దేనికి? తప్పు మాదేనని కాగితం రాసివ్వడం అసలే వద్దు. మర్యాదగా మాట్లాడి, పోలీసుల్ని రానిచ్చి, చిన్నదైతే స్టేషన్ డైరీలో ఎంట్రీ వేయించుకోవడం, దెబ్బలు తగిలితే ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోవడం. క్లెయిముకి అవే అడుగుతారు.

ఫొటోలు కూడా. అరకులో పూలముందు నూటయాభై ఫొటోలు దిగుతారు, బంపరు ఊడితే ఒక్కటి తీయరు! బండి కదపక ముందే దూరం నుంచి రోడ్డంతా కనబడేలా, తర్వాత దగ్గర్నించి, రెండు బండ్ల నంబరు ప్లేట్లూ, టైర్ల గీతలూ. మలుపులో అడ్డంగా ఉంటే మాత్రం గబగబా నాలుగు తీసి పక్కకి పెట్టేయాలి, మరో బస్సు వచ్చి గుద్దేదాకా ఆగుతామా? కారు తీసుకున్న రోజు తీసిన వీడియో ఉంటే పాత గీతలు మన నెత్తిన పడవు.

బానెట్ కింద నీళ్లో నూనో కారుతుంటే స్టార్టు చేయకూడదు. దగ్గర్లోనే ఊరుంది కదా, మెల్లిగా పోదాం అంటారు మగాళ్లు. ఆ మెల్లిగాతోనే ఇంజను పట్టేస్తుంది. గుద్దిన దెబ్బకి ఇన్సూరెన్సు ఇస్తారేమో గానీ, తెలిసి నడిపి పాడుచేసిన ఇంజనుకి ఇవ్వం పొమ్మంటారు. కంపెనీకి ఫోన్ చేస్తే క్రేనూ, ఏ వర్క్‌షాపుకి తీసుకెళ్లాలో అన్నీ వాళ్లే చెబుతారు. ఫోన్ చేసి ఊరుకోకుండా ఒక మెసేజ్ కూడా పెట్టాలి. ఎన్నింటికి చెప్పామో రేపు చూపించడానికుంటుంది.

ఇక్కడ మీ తమ్ముడి ఊసు ఎత్తక తప్పదు, ఏమీ అనుకోకండి. కారు మీవారి లైసెన్సు మీద తీసుకుంటారు. దారిలో మీ తమ్ముడు, బావా ఒక్కసారి ఇవ్వు, ఘాట్‌లో నేను తోలతానంటాడు. బావమరిది అడిగితే ఎవరు కాదంటారు? కానీ అగ్రిమెంటులో పేరు లేని మనిషి చేతిలో బండి గుద్దుకుంటే కంపెనీ ఇస్తానన్న రక్షణ పోయినట్టే. అంతకన్నా పెద్ద తప్పు తర్వాత చేస్తారు. నడిపింది నేనే అని మీవారు స్టేషన్లో చెబుతారు. సొట్ట కేసు కాస్తా అబద్ధపు వాంగ్మూలం కేసవుతుంది. టోల్ గేటు కెమెరాలో ఎవరు కూర్చున్నారో కనబడదనుకుంటారు కాబోలు! రెండో డ్రైవరుగా పేరు చేర్చే వీలు కొన్ని కంపెనీల్లో ఉంది, ముందే అడిగితే గొడవుండదు.

అలాగే ఎవరో తెలిసినాయన రోజుకి పన్నెండొందలకే తన సొంత కారు ఇస్తానన్నాడని మీవారు మురిసిపోతున్నారట. తెల్ల ప్లేటుదా? వద్దండీ. ఆ పాలసీ ఇంటి వాడకానికే. అద్దెకిచ్చాడని తేలితే ఇన్సూరెన్సు వాళ్లు క్లెయిము కాదంటారు, అప్పుడు తెలిసినాయన తెలియనాయన అయిపోతాడు.

మా చెల్లెలి కొడుకు డాలస్‌లో ఉన్నాడు కదా, అక్కడ కారు తీసుకునేటప్పుడే కౌంటర్లో నష్టమాఫీ కావాలా అని అడుగుతారట. కొందరికి క్రెడిట్ కార్డే ఆ నష్టం భరిస్తుంది, అందుకని వద్దంటారు. అయితే ఆ కార్డువాడికి అద్దె ఒప్పందం, పోలీసు రిపోర్టు, రిపేరు బిల్లు అన్నీ చూపించాలి. పైగా కారు వర్క్‌షాపులో ఉన్నన్నాళ్లూ అద్దె పోయిందని దానికీ బిల్లు వేస్తారట. ఇక్కడా కొన్ని కంపెనీలు అదే మొదలెట్టాయి.

అందుకే చివరికి డిపాజిట్లోంచి ఇంత పట్టుకున్నాం అని మెసేజ్ వస్తే, సరేలే అని ఊరుకోవద్దు. వర్క్‌షాపు ఎస్టిమేటూ, బిల్లూ, సర్వేయరు లెక్కా, కారు ఎన్ని రోజులు ఆగిందో ఆ కాగితమూ అడగమనండి. ఇవ్వకపోయినా, లెక్క పొంతన లేకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తెలుగులోనే మాట్లాడతారు, ఫోనుకి డబ్బులు పడవు.