మల్టీమీటరు కొన్న వైనం

మల్టీమీటరును "బహుమాపకం" అంటే బాగుంటుందని నాకొక ఉబలాటం. గుంటూరులో దుకాణందారుతో ఆ మాటే అన్నాను. అతడు నన్ను ఎగాదిగా చూసి, "మిర్చి కాటాలు మా దగ్గర ఉండవండీ" అన్నాడు. అప్పటినుండి నేనూ మల్టీమీటరనే అంటున్నాను.

అది నేను కొన్న రెండవ మీటరు. మొదటిదానిని ఎందుకు పారవేయవలసివచ్చిందో మిత్రులకు మనవి చేస్తాను.

ఉద్యోగ విరమణ తరువాత మా నాన్నగారి వాల్వు రేడియోను బాగుచేసే పని పెట్టుకున్నాను. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రాన్ని వినడానికే ఆయన దానిని కొన్నారు. స్టేషన్లు పట్టే భాగం పాడైనా, ధ్వనిని పెంచే భాగం మిగిలింది. దానికి చేతిఫోను కలిపి హరికథలు వినాలని నా ఆశ. (అది ట్రాన్స్‌ఫార్మరున్న రకం, అది లేని రేడియోకు ఫోను కలపరాదు.) అందుకోసం చవకలో ఒక పసుపుపచ్చ డిజిటల్ మీటరు తెచ్చాను.

కల్లాలలో మిరపకాయలు ఆరబోసి, ఆ ఘాటుకు ఊరంతా తుమ్ముతున్న మాఘమాసపు మధ్యాహ్నమది. రేడియో ప్లగ్గు తీసి, ఫిల్టరు కెపాసిటరు మీద మీటరు తీగెలు ఆనించాను. సున్నా. నిశ్చింతగా చేయి పెట్టాను. మోచేయి వెళ్ళి గోడకు కొట్టుకొంది, స్క్రూడ్రైవరు ఎగిరి వాకిట్లో పడింది. ఆ కెపాసిటరు మీద రెండు మూడు వందల వోల్టులుంటాయి. పెద్ద వాల్వును ముందే ఊడదీసి ఉంచాను గనుక ఆ నిల్వను ఖర్చుచేసే నాథుడు లేడు. తరువాత చూస్తే, పైతొడుగు చెక్కుచెదరకుండానే నల్లతీగె లోపల రాగి తెగిపోయి ఉంది.

మా ఆవిడ ఒక్క మాట అనలేదు. రేడియోను అటకెక్కించింది.

చిలకలూరిపేటలో ఆంప్లిఫయర్లు బాగుచేసే పూర్వవిద్యార్థి ఒకడున్నాడు. సంధులు రాక నాచేత గుంజీళ్ళు తీసినవాడు. అతనితో చెప్పుకున్నాను.

"మాస్టారూ, ముందు మంచి బ్యాటరీ మీద పెట్టి చూడండి. తరువాత కెపాసిటరు. మళ్ళీ బ్యాటరీ. పదివేల ఓముల రెసిస్టరుతో నిల్వ దించి, ఇంకోసారి చూసి, అప్పుడు చేయి పెట్టండి" అన్నాడు.

నేను నిర్ఘాంతపోయాను. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని ఆరవ ప్రమాణంగా అంగీకరించారు. చీకటిగదిలో కుండ కనబడనంత మాత్రాన కుండ లేదనరాదు. వెలుగుండి, కన్ను సరిగా ఉండి కూడా కనబడకపోతేనే లేదనాలి. అది యోగ్యానుపలబ్ధి. ఇదంతా పరీక్ష కోసం వల్లెవేసినవాణ్ణే, తెగిన తీగె చూపిన సున్నాను నమ్మాను!

కొనవలసిన మీటరు సంగతీ అతడే చెప్పాడు. పాత ముల్లు మీటర్లలో చవకరకాలు వోల్టుకు వెయ్యి ఓముల లెక్కన ఉంటాయి. వాల్వుల దగ్గర లక్ష ఓముల రెసిస్టర్లుంటాయి గనుక, కొలవబోయేసరికే వోల్టేజి పడిపోతుంది. తనిఖీ అధికారి అడుగుపెట్టగానే తరగతి వాలకం మారినట్లు. మంచి డిజిటల్ మీటరుకు కోటి ఓములుంటాయి, ఆ బాధ తక్కువ. పాటలతో మరొక మెలిక ఉంది. చవక మీటర్ల ఏసీ కొలత మన 50 హెర్ట్జ్ ఇంటి కరెంటు కోసం చేసినది, కొన్ని వందల హెర్ట్జ్ దాటితే నమ్మరాదు. పాట వేల హెర్ట్జ్ దాకా పోతుంది. కనుక స్పీకరు దగ్గర కొలవాలంటే ఫోనులో వంద హెర్ట్జ్ నాదం పెట్టుకోవాలట. శుద్ధమైన సైన్ తరంగానికి ట్రూ ఆర్‌ఎంఎస్ ఉన్నా లేకున్నా ఒకటే గనుక, ఆ డబ్బు తీగెల మీద పెట్టమన్నాడు. సిలికాను తొడుగు, 600 వోల్టుల క్యాట్ 3 గుర్తు, పది ఆంపియర్ల రంధ్రానికి కూడా ఫ్యూజు ఉన్నది చూసి కొన్నాను.

రేడియో అటక దిగడానికి రెండు నెలలు పట్టింది. హరికథ ఇంకా వినబడలేదు. కాగితపు కెపాసిటర్లు మార్చవలసి ఉంది. నేను పెట్టె మూత తీసిన చప్పుడైతే చాలు, వంటింట్లోనుండి మా ఆవిడ కేక వేస్తుంది: "బ్యాటరీ చూశారా?"